మెర్సీ ప్రధానానికి చాలూ కేబుల్

పోయిన ఆదివారం మా ఫరీదాబాద్‌లో ఒక ప్రధానం, అంటే చర్చివాళ్ళ నిశ్చితార్థం, జరిగింది. అబ్బాయి మంచివాడు, అమ్మాయి బంగారం, బిర్యానీ అదిరింది. కానీ వచ్చినవాళ్ళంతా ఇళ్ళకెళ్ళి మాట్లాడుకున్నది నా గురించి. ఎందుకో చెప్తాను, టీ తాగుతూ వినండి. నవ్వొస్తే నవ్వుకోండి, నాకు అలవాటైపోయింది.

ముందు నా అర్హతలు చెప్పాలి. గుర్గావ్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో క్వాలిటీ టీములో పనిచేస్తాను. అంటే పక్కవాడు చేసిన పనిలో తప్పు పట్టుకుని, 'దయచేసి గమనించగలరు' అని మర్యాదగా మెయిల్ పెట్టడం. పదకొండేళ్ళుగా దీనికే జీతం ఇస్తున్నారు.

అలాంటివాడి ఇంట్లో రెండు నెలలకో చార్జింగ్ కేబుల్ పోతుంది. అట్టపెట్టె మీద 'మిలిటరీ గ్రేడ్' అని ఉంటుంది. ఏ దేశపు మిలిటరీయో మాత్రం రాయరు. వేలసార్లు వంచి పరీక్షించామంటారు. అవన్నీ ఫ్యాక్టరీలోనే వంచేసినట్టున్నారు, మనింటికొచ్చాక ఇంక వంగే ఓపిక ఉండదు. మొదట మెడ దగ్గర పగులుతుంది. తర్వాత ఒక వైపుకి తిప్పిపెడితేనే చార్జింగ్ ఎక్కుతుంది. మా ఆవిడ సునీత నర్సు. పోయినసారి కేబుల్ మెడకి ఆసుపత్రిలో వాడే తెల్ల టేపు నాలుగు చుట్లు చుట్టి, 'రెండ్రోజులు కదపకండి' అంది. కదపలేదు. అయినా పోయింది.

ఇక మెర్సీ సంగతి. సునీత వార్డులోనే జూనియర్ నర్సు. నరసాపురం పిల్ల. నన్ను అన్నయ్యా అంటుంది. ఇక్కడే పుట్టి పెరిగిన జోయెల్ అనే తెలుగబ్బాయితో సంబంధం కుదిరింది. అమ్మానాన్నా రైలెక్కి వచ్చారు. రానిదల్లా వాళ్ళ అమ్మమ్మ. ఆవిడ బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరిగి ఆపరేషనైంది. మంచం మీద ఉంది. పక్కింటావిడ వచ్చి చూసుకుంటోంది.

మెర్సీని చిన్నప్పట్నుంచీ పెంచింది ఆ అమ్మమ్మే. అందుకని పిల్ల ముందే చెప్పేసింది. "అమ్మమ్మ చూస్తుంటేనే ఉంగరం తొడిగించుకుంటాను. లేకపోతే ఆవిడ లేచి తిరిగేదాకా ఆగుదాం." జోయెల్ వాళ్ళమ్మగారి మొహం కొంచెం మారింది గానీ పైకేం అనలేదు.

అప్పుడు నేను ముందుకొచ్చాను. ఎవరూ పిలవలేదు, గమనించండి. "వీడియో కాల్ పెట్టి మొత్తం లైవ్‌లో చూపిస్తాం. టెక్నికల్ వ్యవహారం నాకొదిలెయ్యండి" అన్నాను. మెర్సీ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. సునీత మాత్రం నన్ను అదోలా చూసింది.

నా ఫోన్ కెమెరా బాగుంటుంది, బ్యాటరీయే వీడియో కాల్‌కి అరగంట కూడా ఆగదు. కాబట్టి కేబుల్ తగిలించి పెట్టాలి. కొత్తది కొందామని శనివారం సాయంత్రం మార్కెట్‌కి వెళ్ళాను. కళ్ళజోడు ముక్కు చివరికి జారిన ఒక పెద్దాయన దుకాణం. నా ఫోన్ చూసి, రెంటిలో ఏది ఇవ్వమంటావని అడిగాడు.

"చాలూ వాలా దూఁ, యా కంపెనీ వాలా?"

ఇక్కడ నా హిందీ గురించి ఒక మాట. నేను హిందీ నేర్చుకున్నది హైదరాబాద్‌లో, అదీ ఆటోల్లో. అక్కడ మోటారు చాలూ చెయ్, ఫ్యాన్ చాలూ ఉందా అంటారు. చాలూ అంటే పనిచేస్తున్నట్టు. ఇక కంపెనీ వాలా అంటే ఆఫీసులకి టోకున ఇచ్చే సరుకనుకున్నాను. మరి ఈయన పనిచేసే కేబుళ్ళు వేరేగా, పనిచేయనివి వేరేగా పెట్టి అమ్ముతున్నాడా? నాకు ఒళ్ళు మండింది.

"కంపెనీకి కాదు అంకుల్, ఇంటికే. చాలూ వాలా హీ దీజియే" అన్నాను.

"పక్కా?"

"పక్కా. చాలూ హోనా చాహియే. బిల్కుల్ చాలూ."

ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని నా చొక్కా, బూట్లు, ఆఫీసు బ్యాగు ఒకసారి చూశాడు. "గారంటీ నహీ హై" అన్నాడు. ఎంత నిజాయితీపరుడో అనుకున్నాను. ఇంటికొచ్చి మంచం పక్కన ప్లగ్గులో పెట్టి పది నిమిషాలు చూశాను. చార్జింగ్ ఎక్కుతోంది. టెస్టింగ్ అయిపోయింది, పాస్.

వెంటనే నరసాపురం అమ్మమ్మగారికి ఫోన్ చేసి ట్రైనింగ్ కూడా ఇచ్చాను. "రేపు ఆకుపచ్చ బటన్ నా కాల్‌కి మాత్రమే నొక్కాలి. మధ్యలో ఇంకెవరు చేసినా ఎర్రది నొక్కెయ్యండి. ఎత్తారంటే మన వీడియో ఆగిపోతుంది."

"మెర్సీ చేసినా ఎర్రదేనా?"

"ఎవరు చేసినా సరే అమ్మమ్మా."

"ఆయ్" అంది ఆవిడ.

ఆదివారం మధ్యాహ్నం ఒక స్కూలు హాలు అద్దెకి తీసుకున్నారు. వేదిక అలంకరణ బ్రహ్మాండంగా ఉంది. తెల్ల పూలు, వెనక తెర, రెండు కుర్చీలు. నేను కేబుల్ విప్పితే మూరెడుంది. దుకాణంలో చుట్ట చుట్టి ఉంటే పొడవు ఎవరు చూస్తారు? ప్లగ్ పాయింటేమో పక్క గోడకుంది. ఎక్స్‌టెన్షన్ బాక్సు వంటవాళ్ళు మిక్సీకి పట్టుకెళ్ళారు.

"అయ్యగారూ, మనం కాస్త ఇటు జరిగితే..." అన్నాను పాస్టరుగారితో.

జరిగారు పాపం. పాస్టరుగారు, కాబోయే దంపతులు, రెండువైపులా తల్లిదండ్రులు, అందరూ. పూల వేదిక అలా ఖాళీగా ఉండిపోయింది. ప్రధానం స్విచ్ బోర్డు కింద మొదలైంది. ఫోటోలన్నిట్లోనూ మెర్సీ తల వెనక మూడు స్విచ్చులు, ఒక ఫ్యాన్ రెగ్యులేటరు పడ్డాయి.

అమ్మమ్మగారు తెర మీదకొచ్చారు. తెల్ల చీర కట్టుకుని, దిండుకి ఆనుకుని కూర్చున్నారు. మనవరాల్ని చూసి కళ్ళు తుడుచుకున్నారు. నేను గర్వంగా సునీత వైపు చూశాను.

ప్రార్థన మొదలైంది. అందరూ కళ్ళు మూసుకున్నారు. టింగ్ అని నా ఫోన్ మోగింది. చార్జింగ్ పోయి మళ్ళీ వస్తే అది చేసే చప్పుడు. పాస్టరుగారు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ అందుకున్నారు. మళ్ళీ టింగ్. ఆ తర్వాత ఆయన ప్రతి వాక్యానికీ నా ఫోన్ ఆమెన్ చెప్పినంత పనిచేసింది.

కేబుల్ మెడ పట్టుకుని ఒక వైపుకి వంచాను. చప్పుడు ఆగింది. ఇక వదిలితే లాభం లేదని అలాగే గోడకి అతుక్కుని, ఒక చెయ్యి ఫోన్ మీద, ఒక చెయ్యి కేబుల్ మీద పెట్టి నిలబడ్డాను. వేళ్ళు కాలుతున్నాయి. పాస్టరుగారు బైబిల్ వాక్యం చదువుతుంటే ఏదో మాడిన వాసనొచ్చింది. జోయెల్ వాళ్ళ నాన్నగారు బిర్యానీ అడుగంటిందేమోనని కంగారుగా వంటవాళ్ళ దగ్గరికి పరిగెత్తారు.

సునీత పక్కకొచ్చి, "ఏవండీ, మాడుతోంది మీ చేతిలోది. వదిలెయ్యండి" అంది నెమ్మదిగా.

"ఉంగరం అయ్యేదాకా ఆగు."

జోయెల్ ఉంగరం చేతిలోకి తీసుకున్నాడు. మెర్సీ చెయ్యి చాపి, తెర వైపు చూసింది. సరిగ్గా అప్పుడు తెర నల్లగా అయిపోయింది. మెర్సీ చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆ ఉంగరం గాల్లో అలా ఉండిపోయింది.

కేబుల్ గట్టిగా లాగాను. ఊడొచ్చింది, కానీ దాని మూతి కరిగి నా ఫోన్‌లోనే ఉండిపోయింది. హాల్లో ఇరవై మంది ఇరవై కేబుళ్ళు తెచ్చి నాకు చూపించారు. ఒక్కటీ దూరలేదు.

"పోనీలే అన్నయ్యా, నా ఫోన్‌తో చేస్తాను" అంది మెర్సీ. చేసింది. అమ్మమ్మగారు కట్ చేశారు. మళ్ళీ చేసింది. మళ్ళీ కట్. వాళ్ళమ్మ చేసింది. సొంత కూతురు. కట్. ఆఖరికి పాస్టరుగారు చేస్తే ఆయన్నీ కట్ చేశారు. పదకొండేళ్ళ నా సర్వీసులో చెప్పింది చెప్పినట్టు చేసిన మనిషి ఆవిడొక్కతే.

పక్కింటావిడ నంబర్ ఎవరి దగ్గరా లేదు. జోయెల్ వాళ్ళమ్మగారు, "ముహూర్తాలు మనకి లేవు గానీ, హాలు అయిదింటికి ఖాళీ చెయ్యాలి" అన్నారు. మెర్సీ ఉంగరం వేలు గుప్పిట్లో దాచేసుకుంది. "ఆవిడ చూడకుండా వద్దు ఆంటీ" అంది. నిజం చెప్తున్నాను, అప్పుడు నాకు ఆ స్విచ్ బోర్డు వెనక్కి దూరిపోవాలనిపించింది. పిల్ల అడిగింది ఒకే ఒక్కటి. అది నేనే చేస్తానని ఎగబడి తీసుకుని పాడుచేశాను.

సునీతకే వెలిగింది. "మీ కాల్ తప్ప ఎత్తనంటే, మీ సిమ్ తీసి నా ఫోన్‌లో వెయ్యండి." చీర పిన్నీసు తీసి, గుచ్చి, సిమ్ బయటికి లాగింది. తన ఫోన్‌లో వేసి మామూలు కాల్ చేసింది. ఒక్క రింగుకే ఎత్తారు అమ్మమ్మగారు.

"ఎక్కడికి పోయావు బాబూ? ఎవరెవరో చేస్తన్నారు. అందరికీ ఎర్రదే నొక్కేశాను."

"చాలా మంచిపని చేశారమ్మమ్మా" అన్నాను. ఇంకేమనాలి? "ఇప్పుడు మెర్సీ చేస్తుంది. ఈ ఒక్కసారికి ఆకుపచ్చది నొక్కండి."

నొక్కారు. మెర్సీ ఫోన్ సునీత పట్టుకుంది, నన్ను అయిదడుగుల దూరంలో నిలబెట్టారు. అందరూ మళ్ళీ పూల వేదిక మీదకెళ్ళారు. ఉంగరం అమ్మమ్మగారి కళ్ళ ముందే వేలికెక్కింది. ఆవిడ చేసిన ప్రార్థనకి హాలంతా ఏడ్చింది. నేనూ ఏడ్చాను, నా కారణాలు నాకున్నాయి.

సోమవారం సాయంత్రం దుకాణం మీదకి దండయాత్ర. గట్టిగా హిందీ మాట్లాడేవాడు కావాలని జోయెల్‌ని వెంట తీసుకెళ్ళాను. నిన్న మధ్యాహ్నం కాలిపోయిందని జోయెల్ చేత చెప్పించి, కేబుల్ బల్ల మీద పెట్టాను. పెద్దాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "కల్ దోపహర్ తక్ చలా? అచ్ఛా చల్ గయా" అన్నాడు. నిన్న మధ్యాహ్నం దాకా ఆగిందంటే గొప్పేనట.

నేను నోరు తెరిచేలోపు ఆయనే జోయెల్‌కి అప్పజెప్పాడు. "ఇన్హోంనే ఖుద్ మాంగా థా. దో బార్ పూఛా మైనే. బోలే, బిల్కుల్ చాలూ." నేనే కోరి అడిగానట, ఆయన రెండుసార్లు అడిగినా చాలూదే కావాలన్నానట.

జోయెల్‌కి తెలుగు అర్థమవుతుంది గానీ జవాబు హిందీలోనే వస్తుంది. "భయ్యా, ఆప్‌నే చాలూ వాలా మాంగా?" అన్నాడు. తర్వాత చాలా గౌరవంగా, నవ్వు ఆపుకుంటూ వివరించాడు. ఇక్కడ చాలూ మాల్ అంటే అన్నిటికన్నా నాసిరకం సరుకు, ఏదో ఆ పూటకి గడిస్తే చాలనుకునేది. కంపెనీ వాలా అంటే మంచి బ్రాండుది.

అంటే నేను, క్వాలిటీ టీము మనిషిని, దుకాణానికి వెళ్ళి, నాసిరకమే కావాలి, అచ్చంగా నాసిరకమే కావాలి అని పట్టుబట్టి తెచ్చుకున్నాను. ఆయన వద్దన్నట్టే చూశాడు కూడా.

అయితే జరిగిన మంచి కూడా చెప్పాలి. పెళ్ళి డిసెంబరులో పెట్టుకున్నారు. ఆపరేషన్ తర్వాత నెలరోజులుగా అమ్మమ్మగారు మంచం దిగనని భీష్మించుకుని కూర్చున్నారట. వాకర్ పట్టుకుని నడవమని డాక్టరు, నర్సులు, కూతురు ఎంత బతిమాలినా వినలేదట. సోమవారం పొద్దున్న తనంతట తనే వాకర్ తెమ్మన్నారట. "పెళ్ళి కూడా ఆ అబ్బాయి ఫోన్లో చూడమంటారా? నా వల్ల కాదు. నేనే వెళ్తాను" అన్నారట.

ఊరికి తిరిగి వెళ్ళిన మెర్సీ వాళ్ళమ్మ రోజూ సాయంత్రం నాకు వీడియో కాల్ చేసి, ఆవిడ వరండాలో నడవడం చూపిస్తోంది. నిన్న నాలుగు చుట్లు తిరిగారు. నేను కాల్ ఎత్తగానే వాకర్ ఆపి, నా వైపు జాలిగా చూసి, ఎలా ఉన్నావని కూడా అడగకుండా ఆవిడ అడిగే మొదటి మాట ఒకటే.

"బాబూ, చార్జింగ్ ఉందా?"