ఇంకొంచెం పాతబడనీ

ఏ వస్తువునైనా పాతబడ్డాకగానీ వాడకపోవడం సుబ్బరాయుడి జీవిత సిద్ధాంతం. కొత్త చెప్పులు ఏడాదిపాటు పెట్టెలోనే ఉండి అనుభవం గడించాలి. తార్నాకలో ఆయన నడిపే చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ గోడమీద క్యాలెండరు ఎప్పుడూ నిరుటిదే. తత్త్వశాస్త్రం బోధించే నేను సంశయవాదులను చాలామందినే చదివాను. క్యాలెండరును సందేహించినవాడు మాత్రం ఈయనొక్కడే.

సకల జనుల సమ్మెతో యూనివర్సిటీలో తరగతులు ఆగిపోయాయి. సమ్మె ముగియగానే పరీక్షలన్నారు. నా పాఠాలను సుబ్బరాయుడు తన సర్వరులో ఉచితంగా పెట్టాడు. హాస్టలు పిల్లలకు అవే ఆధారం.

అదే సర్వరు మీద ఒక పెద్ద క్లయింటు సైటు కూడా ఉంది. ఇంటర్నెట్‌లో పాత చిరునామాలు నిండుకుంటున్నాయనీ, ఐపీవీ6 అనే కొత్త పద్ధతి శుక్రవారంలోగా పెట్టకపోతే వెళ్లిపోతామనీ వాళ్లు తేల్చిచెప్పారు.

"మార్చేద్దామండీ సార్!" అంది ఇంజనీరు అలేఖ్య. ఏలూరు అమ్మాయి.

"ఉండు తల్లీ, ఇంకొంచెం పాతబడనీ."

"అది పుట్టి పుష్కరం దాటిందండీ!"

"మన తార్నాకకు కొత్తే గదా!"

కంపెనీ మునుగుతుందని హడలిపోయి, ఆయనకు నచ్చజెప్పమని ఆమె నన్ను పిలిచింది. తీరా వెళితే ఆయన లేడు. వారాసిగూడలో మల్లన్న నెట్ సెంటరుకు వెళ్లాడన్నారు. ఇద్దరం అక్కడికే వెళ్లాం. విద్యార్థుల నడుమ, ఒక ముసలి కంప్యూటరు ముందు కూర్చుని ఉన్నాడు.

"దినాం వస్తడు మేడం," అన్నాడు మల్లన్న. "సార్‌ది సీమ గదా, తెలంగాణ గూడ పాతబడాల్నా సార్ అనడిగిన. 'అది ఎప్పుడో పాతబడిందిలేప్పా, ఇచ్చేయొచ్చు' అన్నడు. గప్పటిసంది చాయ్ నాదే."

సుబ్బరాయుడు అలేఖ్యను కూర్చోబెట్టి, కొత్త పద్ధతిలో తాను ప్రయోగానికి పెట్టిన పేజీ తెరవమన్నాడు. తెర తెల్లగానే ఉండిపోయింది.

"ఏలనో తెలుసునా? ఈ మిషన్లకు కొత్త దారి కనపడతానే అట్ల పోతాయి. ఆ దారి ఈడ సగమే వేసినారు. ఆడ నిలబడి నిలబడి ఎప్పటికో వెనక్కొస్తాయి. సర్వరు మారిస్తే పిల్లోళ్లు పాఠాలకని అద్దె కట్టి తెల్ల తెర చూస్తా కూచోవల్లనా? పరీక్షలు అయిపోనీ."

"మరి క్లయింటు వెళ్లిపోతే?"

"పోతే పోతారు," అన్నాడు. ఆ ధైర్యం కూడా ఇంకా పెట్టెలోంచి తీసినట్టు లేదు.

"ముందే చెప్పొచ్చు కదండీ!"

"చెప్తే జీతాలు వస్తాయో రావో అని మీరు నిద్రపోరు గదమ్మా."

మెచ్చుకోలు విషయంలో నేను పిసినారిని. అయినా నా శిష్యుల తరఫున ఆయనకు చేతులెత్తి నమస్కరించాను. ఆయన కంగారుపడి కీబోర్డు తుడవడం మొదలుపెట్టాడు.

అలేఖ్య అక్కడినుంచే క్లయింటుకు ఫోను చేసింది.

"పరీక్షలయ్యేదాకా ఆగాలండీ... ఎవరివా?" చుట్టూ కూర్చున్నవాళ్లను ఒకసారి చూసింది. "మా పిల్లలవేనండీ."

ఫోనులోంచి అవతలి మనిషి మాట మాకూ వినిపించింది. "సరే. బాగా రాయమనండి," అన్నాడు.