వాసన చూడని పువ్వు

డాక్టర్ భానుమతికి డెబ్భై రెండేళ్లు వచ్చేదాకా చెట్లకేసి తలెత్తి చూసే తీరిక దొరకలేదు. హాంబర్గ్‌లో ఒక పెద్దాసుపత్రిలో ముప్ఫై నాలుగేళ్లు పాథాలజిస్టుగా పనిచేసింది. మైక్రోస్కోపులోకి తొంగిచూసి ఇది మంచి కణం, ఇది చెడ్డ కణం అని తేల్చడంతోనే సగం జీవితం గడిచిపోయింది. రిటైరయ్యాక కూడా ఆ చూపు పోలేదు. కొట్లో వంకాయ తీసుకున్నా పది వైపులా తిప్పి చూస్తేగాని బుట్టలో వేయదు.

2020 వసంతంలో కరోనా అందర్నీ ఇళ్లల్లో కూర్చోబెట్టింది. నడకకు మాత్రం అడ్డు లేదు. ఆవిడ పొద్దున్నే రాల్‌ష్టెట్ వీధుల్లో నడవడం మొదలుపెట్టింది. నలభై ఏళ్లుగా కాపురం ఉంటున్న పేటే. ఒకరోజు స్టేషన్ వెనకాల మలుపు తిరిగేసరికి వీధి వీధంతా లేత గులాబి రంగులో మునిగిపోయి ఉంది. అటూ ఇటూ పూసిన కొమ్మలు పైన కలిసిపోయి ఆకాశం కనబడటం లేదు. కార్లు లేవు, విమానాల మోత లేదు, తేనెటీగల రొద ఒక్కటే. భానుమతి నడిరోడ్డు మీద నోరు తెరుచుకుని నిలబడిపోయింది.

"ఇన్నాళ్లూ నేనెక్కడున్నాను?" అంది పైకే.

మర్నాటి నుంచి సంచిలో ఒక నోట్‌బుక్కు, స్కేలు, భూతద్దం చేరాయి. ఇవి పళ్లకోసం పెంచే చెర్రీలు కావని, పూయడానికే పుట్టిన చెట్లని పుస్తకం తెప్పించుకుని తెలుసుకుంది. రేక కొసన చిన్న నొక్కు, బెరడు మీద అడ్డగీతలు ఉంటే చెర్రీ. అవి లేకపోతే ప్లమ్ అయ్యుండాలి. రేకులు ఐదే ఉన్నాయా, ముద్దగా ఉన్నాయా, లేత చిగురు రాగి రంగా, ఆకుపచ్చా అన్నీ చూడాలి. ముద్ద గులాబి పూలూ రాగి చిగురూ ఉన్నది కన్‌జాన్ రకం. స్తంభంలా నిటారుగా పెరిగింది అమానొగావ. ఒకచోట లేత పసుపు రంగు పూల చెర్రీ కనబడింది. దాని పేరు ఉకొన్ అనీ, జపాన్ వాళ్ల భాషలో ఆ మాటకు కూరల్లో వేసే పసుపు అని అర్థమనీ చదివి, అయినవాళ్లెవరో ఎదురైనట్టు మురిసిపోయింది.

ఒక్క చెట్టు మాత్రం లొంగలేదు. పద్నాలుగో నంబరు ఇంటి ముందు, ఒంటి రేకల తెల్లపూల చెట్టు. పూసిందంటే ఇంటి కప్పు కూడా కనబడదు. పుస్తకంలో దానికి సరిపోయే పేర్లు రెండున్నాయి, తాయ్‌హకు, జో-నియోయి. మొదటిదానికి పువ్వు పెద్దది. రెండోదానికి చిన్నది, కానీ మంచి వాసన. ఈ ముసలి చెట్టు పూలేమో స్కేలుకి సరిగ్గా నడిమధ్యన తేలాయి.

ఆ ఇంట్లో ఫ్రౌ పీటర్సన్ అని ఎనభై ఆరేళ్లావిడ ఒక్కతే ఉంటుంది. భానుమతి స్కేలు పట్టుకుని తంటాలు పడుతుంటే కిటికీ తెరిచింది.

"ఆ చెట్టు మా ఆయన నాటాడు. పేరు చెప్పేవాడు, నేనే మర్చిపోయాను. మీరు కనిపెడితే నాకూ చెప్పండి. కొమ్మ వంచి వాసన చూడండి, ఫర్వాలేదు."

భానుమతి చెయ్యి వెనక్కి తీసుకుంది. పూజ పువ్వు వాసన చూస్తే ఎంగిలైపోతుందని చిన్నప్పుడు తల్లి చేతి మీద ఒక్కటిచ్చింది. అప్పట్నించీ ఆవిడ ఏ పువ్వునూ ముక్కు దగ్గరికి తీసుకున్నది లేదు. క్యాన్సర్ కణాన్ని చూసి బెదరని డాక్టరమ్మ పువ్వు దగ్గరికొచ్చేసరికి ఏడేళ్ల పిల్ల అయిపోయింది. "మాలో పూలు వాసన చూడరండీ" అని నవ్వేసింది. పెద్దావిడ వింతగా చూసి కిటికీ మూసుకుంది. వారంలో గాలివాన వచ్చి పూలన్నీ రాలిపోయాయి.

ఆ డిసెంబరులో భార్యాభర్తలిద్దరికీ కరోనా వచ్చి తగ్గింది. భర్త భాస్కర్ రావుకి రెండ్రోజులు జ్వరం, అంతే. భానుమతికి ముక్కు పోయింది. కాఫీ లేదు, ఇంగువ లేదు, అగరొత్తి లేదు. రెండు వారాల్లో వస్తుందనుకుంది. రెండు నెలలైనా రాలేదు. ఆయన ఒకప్పుడు ఓడల్లో ఇంజనీరు, ఇప్పుడు వంటింటికి పెద్ద. గరిటె పట్టుకుని ఎదురుగా నిలబడి "ఎలా ఉంది భానూ?" అని రోజూ అడిగే మనిషి. ఏం చెబుతుంది? "బాగుందండీ" అంటూ వచ్చింది. ఇక ఎప్పటికీ రాదేమో అన్న భయాన్ని మాత్రం ఎవరికీ చెప్పలేదు.

2021లో చలి వదలక చెర్రీలు ఆలస్యంగా పూశాయి. మే మొదట్లో ఇద్దరూ టీకా వేయించుకుని తిరిగొస్తున్నారు. పద్నాలుగో నంబరు ముందు ఫ్రౌ పీటర్సన్ కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది, ఏడాదిలో సగానికి సగం తగ్గిపోయి. నెలాఖరుకి ఇల్లు ఖాళీ చేసి వృద్ధాశ్రమానికి వెళుతోందట.

"డాక్టర్ గారూ, నా చెట్టు పేరు తెలిసిందా?" అంది. "వెళ్లేలోపు తెలుసుకోవాలని ఉంది."

భానుమతి తలెత్తి చూసింది. చెట్టు నిలువెల్లా పూసి ఉంది. ఇంత తెలుపు ఈ లోకంలో ఉండగా తను ఇన్నేళ్లు అద్దం పలకల మీద మరకలు చూస్తూ ఎలా గడిపిందో అనిపించింది. రేపు గాలివాన అని రేడియోలో చెప్పారు. ఆవిడ మాస్కు కిందికి లాగి, గేటు మీదికి వాలిన కొమ్మని పట్టుకుని ముక్కు దగ్గరికి తెచ్చుకుంది. గట్టిగా పీల్చింది. మళ్లీ పీల్చింది. ముక్కున్నప్పుడు చూడమన్నారు, చూడలేదు. ఇప్పుడు చూస్తుంటే ముక్కు లేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఏవండీ, ఇలా రండి. మాస్కు తీసి ఇది వాసన చూసి చెప్పండి."

"నువ్వు చూశావుగా?"

"నాకు తెలీటం లేదు. డిసెంబర్ నుంచీ ఏ వాసనా తెలీటం లేదు."

"మరి నా పప్పుచారు?"

"తెలీలేదండీ."

"నిన్న పెసరట్టు?"

ఆవిడ తల అడ్డంగా ఊపింది. ఆయనకి కోపం రాలేదు. ఐదు నెలలు ఈ మనిషి నా ఎదురుగా కూర్చుని ఒంటరిగా భోంచేసింది కదా అనుకున్నాడు. మాస్కు తీసి, కొమ్మ అందుకుని కళ్లు మూసుకున్నాడు. ఎంతకీ తెరవలేదు.

"చెప్పండీ!"

"ఉండవే... ఇది... బాదంపప్పు నానబెట్టి తొక్క తీస్తాం చూడు, అప్పుడు వేళ్లకి అంటుకునే వాసన. పచ్చివాసన కాదు, తియ్యగా ఉంది. అబ్బ, భానూ! చెట్టుకి చెట్టే ఇలా ఉంటుందా? రోజూ దీని కిందనించే కదా బ్రెడ్డుకెళ్తాను!"

ఆయన తెల్లబోయి పైకి చూస్తూ ఉండిపోయాడు. భానుమతి నోట్‌బుక్కు తీసి ఏడాదిగా ఖాళీగా ఉన్న గీత మీద పేరు రాసింది. అప్పుడు పెద్దావిడ వైపు తిరిగి, తేలిన రిపోర్టు చదివినట్టు గట్టిగా చెప్పింది. "జో-నియోయి."

ఫ్రౌ పీటర్సన్ పెదవులు కదిపి చూసుకుంది. ఒకసారి, రెండోసారి. మూడోసారి ముసలి మొహం విచ్చుకుంది. "అదే, అదే! మా ఆయన హైన్‌రిష్ సరిగ్గా ఇలాగే అనేవాడు" అంటూ రెండు చేతుల్తో మొహం కప్పుకుంది.

భానుమతి ఇంకో కొమ్మ వంచి, ఈసారి మొహమంతా పూలలో పెట్టేసింది. రేకులు చల్లగా బుగ్గలకీ, కనురెప్పలకీ తగిలాయి. డెబ్భై మూడేళ్ల బతుకులో ఒక్క పువ్వుకీ ఇంత దగ్గరగా వెళ్లలేదు.

"వస్తోందా?" అన్నాడు భాస్కర్ రావు మెల్లిగా.

"లేదండీ" అంది పూలలోంచే. "అయినా ఇంకాసేపు ఉండనివ్వండి."