పాలు పిండే వేళకు వచ్చే టీచర్

మా ఇంగ్లీషు టీచర్ పోయిన వారం కుప్పంలో, కూతురి ఇంట్లో కన్నుమూశారు. మదనపల్లెలో ఉన్న నాకు మా అక్క ఫోన్ చేసి చెప్పింది.

పుంగనూరులో సంతాపసభ జరిపారు. ఆమె ఓర్పుకు మారుపేరట! మైకు పట్టుకున్న ప్రతి పెద్దమనిషిదీ అదే పాట. నేను ఒప్పుకోను. ఆమెకు ఓర్పు లేదు. ఉండుంటే మా అక్క చదువు తొమ్మిదో తరగతిలోనే ఆగిపోయేది. అన్యాయాన్ని ఓర్చుకోని మనిషికి ఈ బిరుదేమిటి?

మాది చౌడేపల్లె దగ్గర పల్లె. ఆవును మేపడానికి నాన్న అక్కను బడి మాన్పించాడు. టీచర్ సరిగ్గా సాయంత్రం నాన్న పాలు పిండే వేళకే మా ఇంటికి వచ్చేవారు. అప్పుడే ఎందుకని అడిగితే, "పొదుగు కింద కూర్చున్నోడు లేసి పోలేడు గదప్పా" అన్నారు నాతో. నిజమే. పాలు చేపిన ఆవును మధ్యలో వదిలితే ఎగచేపుతుంది, ఇక చుక్క ఇవ్వదు.

"ఆడపిల్లకు ఇంగ్లీసు యాలమ్మా? ఆవు ఇంగ్లీసులో అరస్తాదా?" అన్నాడు నాన్న, తల తిప్పకుండానే.

"ఆవు సంగతి సరేలేప్పా. నీ కూతురు అరస్తాండాది, ఇనపడలేదా?"

అంతే, కొట్టం గడప మీద కూర్చుని అక్కకు పాఠం మొదలుపెట్టారు. "హియర్, లిజన్, రెండూ వినడమే. చెవిన పడితే హియర్. దానికి నీ ఇష్టంతో పనిల్యా. చెవి పెట్టి వింటే లిజన్. హియర్ పక్కన మనిషిని నేరుగా పెట్టచ్చు. లిజన్‌కు మధ్యలో 'టు' ఉండాల. ఇప్పుడు మీ నాయన మీద వాక్యాలు సెప్పు."

అక్క ఒక్కో మాటా కూడబలుక్కుని చెప్పింది. "మై ఫాదర్ హియర్స్ మీ. హీ డజ్ నాట్ లిజన్ టు మీ."

"ఏమంటాండాది?" అన్నాడు నాన్న.

"నా మాట మా నాయనకు ఇనపడతాది గానీ, ఆయన ఇనిపించుకోడు అంటాండాది."

పాలు పిండడం అయిపోయింది. నాన్న ఇక లేచి పోవచ్చు. పోలేదు. చెంబు ఒళ్లో పెట్టుకుని అక్కడే కూర్చుని, "ఇప్పుడు సెప్పు మే" అన్నాడు. టీచర్‌తో కాదు, అక్కతో.

"బడికి పోతా నాయనా."

ఇంగ్లీషు అనేది ఫీజులు కట్టే ఇళ్ల పిల్లలకేనని ఇప్పటికీ వాదించేవాళ్లు ఆ కొట్టంలో ఒక్క సాయంత్రం కూర్చుని ఉండాల్సింది.

మరుసటి పొద్దున పగ్గం నాన్న చేతికి వచ్చింది. అక్క సంచీ తగిలించుకుని బడిదోవ పట్టింది. రోజూ ఆమె వెంట నడిచిన ఆవు మేతకు రానంది. పగ్గం బిగదీసి, అక్క పోయిన వైపే మెడ చాచి నిలబడింది. నాన్న దాన్ని అదిలించలేదు. తనూ అటే చూస్తూ నిలబడ్డాడు.