సగం చేసి రాసిన సమ్మె

మదనపల్లెలో మాది బట్టల అంగడి. కొనేవాళ్ళు సగానికి అడుగుతారని ధర రెట్టింపు చెప్పడం, ఎవరేం చెప్పినా సగం కోసేసి వినడం నాకు ఉగ్గుపాలతోనే అబ్బాయి. డాక్టరు పది రోజులకు మందు రాస్తే ఐదు రోజులే మింగే రకాన్ని.

అలాంటి నన్ను కుప్పంలో కంప్యూటర్లు నేర్పే స్నేహితుడు ఒక వెబ్‌సైటు పనిలోకి దింపాడు. చుట్టుపక్కల ఏ ఫ్యాక్టరీలో సమ్మె జరిగినా అందులో కనబడాలి. జీతం గీతం లేదు. సైటు కట్టడం అతని పని. కార్మికులకు ఫోన్ చేసి, వాళ్ళు చెప్పింది ఎక్కించడం నాది.

పుంగనూరులో ఒక కుట్టు ఫ్యాక్టరీ ఆడవాళ్ళు పని ఆపేశారు. తీసేసిన ఇద్దరిని మళ్ళీ తీసుకునేదాకా లోపలికి పోమని, షిఫ్టుల ప్రకారం వంతులేసుకుని గేటు ముందు కూర్చున్నారు. ఆ ఇద్దరిలో ఒకామెకు ఫోన్ చేశాను.

"ఎంతమంది ఉండారమ్మా?"

"రెండు షిఫ్టులూ కలిపి నూటిరవై మందిమి ఉండాము అన్నా. ఒక్కరు గూడా లోపలికి పోలేదు."

'కార్మికులు చెప్పిన సంఖ్య' అనే గడిలో నా వేలు అరవై అని కొట్టింది. నిజం కనుక్కున్నానని కాస్త గర్వం కూడా.

మూడో రోజు ఆమే ఫోన్ చేసింది. మేనేజరు మా పేజీని ప్రింటు తీసి గేటుకు అంటించాడట. సగంమంది వెనక్కి వచ్చేశారని మీవాళ్ళే చెప్పారు చూడండి, అన్నాడట. పొద్దుటివాళ్ళకు మధ్యాహ్నంవాళ్ళు కనబడరు. వాళ్ళు లోపలికి పోయారని వీళ్ళు, వీళ్ళు పోయారని వాళ్ళు అనుకున్నారు.

"నేనేమన్నా నీతో బేరమాడితినా అన్నా? యాల తగ్గించినావు?"

స్నేహితుడికి చెప్తే వెంటనే అంకె సరిచేశాడు. "మనుషుల్ని గూడా సగం రేటుకు అడిగేస్తివి గదప్పా" అన్నాడు. నవ్వలేదు.

మరునాడు పొద్దున్నే బస్సెక్కి పుంగనూరు పోయాను. టార్పాలిన్ కింద కూర్చుని ఉంది ఆమె. సరిచేశామని ఫోన్ చూపించబోతే దాని వైపు చూడలేదు.

"పొద్దుటి షిఫ్టోళ్ళు అరవైమంది ఉండాల. నువ్వే ఎంచి చూడు."

ఎంచాను. ముప్పైనాలుగు. నమ్మలేక మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి సగంలో ఉండగా, చివర కూర్చున్న ఒకామె క్యారియరు చేతికి తగిలించుకుని లేచింది. చీరకంటిన దుమ్ము దులుపుకుని, ఎవరి వైపూ చూడకుండా గేటు దిక్కుకు నడిచింది.

"పిలువమ్మా ఆమెను" అన్నాను.

"ఏమని పిల్సేది?" అంది.