పగలకుండా మిగిలిన ప్లేటు

పోయిన నెల నెల్లూరులో, సొంతంగా ఏదో ఒక చేతిపని పెట్టుకుని బతకాలనుకునే పడుచువాళ్లంతా ఒకచోట చేరారు. బొమ్మలు వేసేవాళ్లు, చీరల మీద అద్దకం చేసేవాళ్లు, పెళ్లిళ్లకు ఫొటోలు తీసేవాళ్లు. ఒకప్పుడు ఇందుకూరుపేటలో ఫొటో స్టూడియో నడిపిన ముసలమ్మ ఒకతె ఇంకా బతికే ఉందని ఎవరు చెప్పారో గాని, నన్ను కూడా పిలిపించి వేదిక మీద కూర్చోబెట్టి, వ్యాపారంలో నిలదొక్కుకోవాలంటే ఏం చేయాలో నాలుగు మాటలు చెప్పమన్నారు. నేనూ చెప్పాను. రేట్లు గోడమీద రాసిపెట్టండి, ఇస్తామన్న రోజున ఇవ్వండి, చుట్టాలకని ఊరికే చేసిపెట్టకండి, మీ పనిని మీరే తక్కువ చేసుకుని మాట్లాడకండి అన్నాను. చప్పట్లు కొట్టారు, శాలువా కప్పారు. తిరిగి వస్తూ కారులో కూర్చున్నాక మాత్రం మనసులో ముల్లు గుచ్చుకున్నట్టయింది. అవన్నీ ఎవరైనా చెప్పగలిగినవే. నా చేతులు కాల్చుకుని నేర్చుకున్న సంగతి ఒకటుంది, దాన్ని అక్కడ చెప్పలేకపోయాను. నా ఈడు వాళ్లు ఇది చదువుతారు గనక ఇక్కడ చెబుతున్నాను.

నాకు ఆ విద్య మా చిన్నాన్న పెట్టిన భిక్ష. నెల్లూరులో ఆయనకు స్టూడియో ఉండేది. బడి చదువుకని నన్ను ఆయన ఇంట్లో ఉంచారు. పిల్లలు లేని మనిషి, ప్రేమ ఎంతో కోపమూ అంతే. ఫొటో పడిన అద్దం ప్లేటు మీద సన్నటి పెన్సిలుతో స్ఫోటకపు మచ్చలు కనబడకుండా చేయడం, నలుపు తెలుపు బొమ్మకు బుగ్గల మీద, చీర అంచు మీద రంగులద్దడం ఆయనే నేర్పాడు. చెయ్యి వణికిందంటే చెక్క స్కేలు అంచుతో వేళ్ల కణుపుల మీద కొట్టేవాడు. పెళ్లిచూపులకు పంపాలి, మా పిల్లను కాస్త తెల్లగా చేసివ్వమని అడిగిన ఒక పెద్దమనిషిని, పక్కన ఆ పిల్ల నిలబడి వింటూ ఉండగా అట్లా అడిగినందుకు, చొక్కా పట్టుకుని మెట్ల మీదనుంచి కిందికి తోసేశాడు. పాపం ఆ పెద్దమనిషికి మోచెయ్యి చిట్లింది. మా చిన్నాన్న అంతటి పనిమంతుడికి వ్యాపారం ఎందుకు కలిసిరాలేదో ఆ ఒక్క ముచ్చటతో మీకు అర్థమయ్యే ఉంటుంది.

నాకు పెళ్లయి ఇందుకూరుపేట వచ్చాను. మా ఆయన బడిపంతులు, నెమ్మదైన మనిషి. చిన్నాన్న కళ్లు మందగించి స్టూడియో మూసేస్తూ, తన మూడుకాళ్ల చెక్క కెమెరాను బండిలో వేసి నాకు పంపేశాడు. వీధివైపు గది ఖాళీ చేసి, వెలుతురు కోసం పైకప్పులో రెండు గాజు పెంకులు వేయించి స్టూడియో పెడతానంటే మా అత్త రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు మాత్రం తనే వచ్చి, మొదటి ఫొటో నాదే తియ్యాలని పట్టుచీర కట్టుకుని కూర్చుంది. ఆడవాళ్ల ఫొటో ఆడమనిషే తీస్తుందని తెలిసి చుట్టుపక్కల ఊళ్లనుంచి గుంపులుగా వచ్చేవారు. వెనక తెర మీద నేను ఎంతో మక్కువగా సముద్రం గీస్తే, దాన్ని చూసి పాళేల నుంచి వచ్చిన చేపలవాళ్ల ఆడవాళ్లు విరగబడి నవ్వారు. పొద్దున లేస్తే మేం చూసేది అదే కదమ్మా, మాకొక మేడ గీసిపెట్టు అన్నారు. చెరిపేసి మేడ గీశాను. ఎవరికి ఏం కావాలో అడిగి తెలుసుకోకుండా మన ముచ్చట కొద్దీ చేస్తే పని కాదని నాకు నేర్పినవాళ్లు వాళ్లే.

సముద్రం ఒడ్డున పక్కపక్కనే రెండు పాళేలు ఉండేవి, ఒకటి ఉత్తరాన, ఒకటి దక్షిణాన. రెంటినుంచీ నాకు గిరాకీ వచ్చేది. ఉత్తరపాళెం పెద్దకాపు, అంటే ఆ చేపలవాళ్ల కులపెద్ద, కొత్త పడవ చేయించుకుని, దాన్ని నీళ్లలోకి దించేముందు ఫొటో తీయాలని కబురు పెట్టాడు. ఆదివారం పొద్దున, మా ఆయనా నేనూ కెమెరాను ఎద్దులబండిలో వేసుకుని వెళ్లాం. పడవకు పసుపు పూసి పూలదండ వేశారు. పెద్దకాపు, ఆయన భార్య, చిన్నకొడుకు, పాళెమంతా పడవ చుట్టూ నిలబడ్డారు. నేను నల్లగుడ్డ కప్పుకుని సరిచూసుకుంటున్నాను. ఆ కెమెరాల్లో వెనక గాజుపలక మీద లోకమంతా తలకిందులుగా కనబడుతుంది, మీలో కొందరికి తెలిసే ఉంటుంది. ఆ తలకిందుల లోకంలోకి ఒక పక్కనుంచి మనుషులు పరుగెత్తుకుంటూ వచ్చారు.

దక్షిణపాళెం వాళ్లు. రెండు రోజుల ముందు సముద్రంలో రెండు పాళేల వలలూ చిక్కుపడితే పెద్దకాపు మనుషులు వాళ్ల వలను కోసేశారట. దాన్ని అడగడానికి వచ్చారు. అడగడం ఎంతసేపు జరిగిందో నాకు గుర్తులేదు, తెడ్లు లేచాయి, గెడలు లేచాయి. ఎముక మీద కర్ర పడితే వచ్చే చప్పుడు కట్టెలు కొట్టే చప్పుడులా ఉండదు, తడిగా ఉంటుంది. ఒకడి చెవి తెగి మెడమీద వేలాడుతోంది. ఒక ఆడమనిషి ఇంకొక ఆడమనిషిని జుట్టు పట్టి ఇసకలోకి ఈడ్చి మొహం మీద తొక్కుతోంది. మా ఆయన నన్ను చెయ్యి పట్టి లాగుతున్నాడు. నేను నల్లగుడ్డలోనుంచి బయటికొచ్చి, ప్లేటు దూర్చి, ఫొటో తీసే రబ్బరు బుగ్గ నొక్కాను. ఎందుకు నొక్కావని ఈనాటికీ నన్ను నేను అడుగుతూనే ఉంటాను. చేతులు వాటంతట అవే ఆ పని చేశాయి.

దక్షిణపాళెం కుర్రవాడొకడు అక్కడే ఇసకలో చచ్చిపోయాడు. ఇరవై రెండేళ్లుంటాయేమో. పోలీసులు వచ్చి అడిగితే అంతమందిలో ఒక్కరంటే ఒక్కరు కూడా ఎవరు కొట్టారో చూడలేదన్నారు.

నేను చీకటి గదిలో ఆ ప్లేటు కడిగి వెలుతురుకు పట్టి చూశాను. అంతా స్పష్టంగా ఉంది. కిందపడిన కుర్రవాడి తలమీదికి తెడ్డు ఎత్తినవాడు పెద్దకాపు. వెనకనుంచి ఆయన చెయ్యి రెండు చేతులతో పట్టుకుని వేలాడుతున్నది ఆయన చిన్నకొడుకు. నోరు తెరిచి, వద్దు నాయనా అని అరుస్తున్నట్టే ఉంది.

మా ఆయన పగలగొట్టెయ్యమన్నాడు. నాకు చేతులు రాలేదు. పోలీసులకు ఇచ్చెయ్యాలని ఒక మనసు, రెండు పాళేల వాళ్లూ నా గుమ్మం తొక్కేవాళ్లే కదా, ఒకరి పక్షం అయిపోతే రేపు స్టూడియో ఎట్లా నడుస్తుందని ఇంకొక మనసు. అప్పుడే నాలుగు ఊళ్లలో పేరు వస్తోంది. నాలుగు రోజులు ఆగి చూద్దామనుకున్నాను. పెద్దకాపు మర్నాడు తనే వచ్చి బెంచీ మీద కూర్చుని, పడవ ఫొటో వచ్చిందా అమ్మా అని ఎంతో మర్యాదగా అడిగాడు. ప్లేటుకు ఎండ తగిలి పాడైపోయిందన్నాను. ఆయన నా కళ్లలోకి కాసేపు చూసి, పాడైతే మంచిదే అని లేచిపోయాడు.

మూడో రోజు చనిపోయిన కుర్రవాడి అన్న వచ్చాడు. గడ్డం పెరిగి, కళ్లు మంకెనపూలలా ఉన్నాయి. ఇంట్లోకి రమ్మంటే రాలేదు, గడపలోనే నిలబడ్డాడు.

"నువ్వు ఆడ ఉండావు గదక్కా. మావోణ్ణి కొట్టింది ఎవురో చెప్పు."

"నేను నల్లగుడ్డలో ఉన్నాను నాయనా. నాకేమీ కనపళ్లేదు."

"పెద్దకాపు చిన్నకొడుకని అంటా ఉండారు. వాడేనా?"

కాదు అనడానికి ఒక్క క్షణం చాలు. కాదు అంటే మరి ఎవరని అడుగుతాడు, చూశానని ఒప్పుకున్నట్టవుతుంది, ప్లేటు సంగతి బయటపడుతుంది. ఇదంతా నా బుర్రలో తిరిగింది. నేను తలుపు అంచు పట్టుకుని నేల చూస్తూ నిలబడ్డాను. అతను ఇంకొంచెం సేపు ఆగి, తలాడించి వెళ్లిపోయాడు. నేను మాట్లాడకపోవడాన్ని అతను ఎట్లా తీసుకున్నాడో అప్పుడే నాకు తెలుసు. తెలిసీ వెనక్కి పిలవలేదు.

రెండు రోజులయ్యాక, మిట్టమధ్యాహ్నం బస్సులు ఆగేచోట టీ తాగుతున్న పెద్దకాపు చిన్నకొడుకును ఆ అన్న చేపలు కోసే కత్తితో పొడిచి చంపాడు. ఒక పోటు కాదు. అడ్డం వెళ్లినవాళ్లకు కూడా చేతులు తెగాయి. తప్పించుకుందామని ఆ పిల్లవాడు బల్లకిందికి దూరితే కాళ్లు పట్టి బయటికి లాగాడని, నేను కాదు నేను కాదని అరుస్తూనే ప్రాణం వదిలాడని బడినుంచి వస్తూ చూసిన మా ఆయన చెప్పాడు.

మర్నాడు ఉత్తరపాళెం వాళ్లు మా ఇంటిమీద పడ్డారు. ఆ అన్న మా గడపలో నిలబడి వెళ్లడం ఎవరో చూశారు. నేనే ఫొటో చూపించి ఆ పిల్లవాడి పేరు చెప్పానని వాళ్ల నమ్మకం. పదిమంది దాకా ఉంటారు. కెమెరాను రోడ్డు మీదికి విసిరి గొడ్డలితో చీల్చారు. మేడ గీసిన తెరను కత్తులతో పేలికలు చేశారు. పెట్టెల్లో వరసగా పేర్చుకున్న అద్దం ప్లేట్లన్నీ, ఎన్ని పెళ్లిళ్లో ఎంతమంది పసిపిల్లలో, నేలకేసి కొట్టి వాటిమీద నడిచారు. అడ్డం వచ్చిన మా ఆయనను గెడతో కొడితే భుజం ఎముక విరిగింది. ఒకడు నా కుడిచెయ్యి గుమ్మానికి అదిమిపట్టి, ఈ చెయ్యేగా అని సుత్తితో కొట్టాడు. రెండు వేళ్లు నలిగిపోయాయి. అప్పుడు మా అత్త రోకలి ఎత్తుకుని బయటికొచ్చింది. మనిషి గుప్పెడంత ఉండేది.

"ఒరే, ఇంకొక దెబ్బ పడిందంటే ముందు నన్ను చంపి పోండిరా! నా కోడలు చెయ్యి విరగ్గొట్టడానికా మీ పెళ్లాలకు అది ఫొటోలు తీసింది?"

ఆమె మాటకు సిగ్గుపడ్డారో, రోకలికి జంకారో, అలిసిపోయారో గాని వెళ్లిపోయారు. నేను స్పృహ తప్పి పడున్నాను. కళ్లు తెరిచేసరికి ఆమె బియ్యం డబ్బాలో చెయ్యిపెట్టి ఆ ఒక్క ప్లేటు తీసి నా ఒళ్లో పెట్టింది. నేను చీకటి గదిలో దాచిన దాన్ని ఆమె ఎప్పుడు మార్చిందో తెలియదు. ఇకనైనా ఇచ్చిరా అంది, అంతే.

చేతికి పసుపుగుడ్డ చుట్టుకుని, ఆ సాయంత్రం బస్సుకే నెల్లూరు వెళ్లి ప్లేటును పోలీసు అధికారి చేతికిచ్చాను. కోర్టులో ఆడదానికి పోట్లాట దగ్గర ఏం పనని అడిగారు, ఆరు రోజులు ఎందుకు దాచావని అడిగారు. మొదటిదానికి జవాబు చెప్పాను. రెండోదానికి, గిరాకీ పోతుందని దాచానని నిజమే చెప్పాను. పెద్దకాపుకూ, ఆ అన్నకూ ఇద్దరికీ జైలు పడింది.

నా వేళ్లు కాస్త వంగడానికి ఏడాది పట్టింది. చిన్నాన్న బతిమాలి ఎవరి దగ్గరో ఇంకొక పాత కెమెరా ఇప్పించాడు. స్టూడియో తెరిచాను గాని చాలాకాలం ఎవరూ రాలేదు. ఒకరోజు పొద్దున ఒక ఆడమనిషి వచ్చి బెంచీ మీద కూర్చుంది. చూస్తే పెద్దకాపు భార్య. ఆమే ముందు మాట్లాడింది.

"మా చిన్నోడికి ఒక్క ఫొటో కూడా లేదు. నువ్వు కోర్టుకిచ్చిన దాంట్లో వాడుండాడంట గదా. వాడి మొహం వరకూ నాకు చేసియ్యమ్మా."

కోర్టు కోసం వేసిన కాపీల్లో ఒకటి నా దగ్గర ఉంది. కాని ముందు చెప్పాల్సింది చెప్పకుండా ఆ పని మొదలుపెట్టలేకపోయాను. ఆ అన్న నా గడపలో అడిగిన మాట, నేను నేల చూస్తూ నిలబడింది, ఏదీ దాచకుండా చెప్పాను. కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను. ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది.

"నువ్వొకదానివే నోరు మూసుకున్నావా? ఆ దినం ఇసకలో మేమందరం ఉండాం గదమ్మా. నేను గూడా ఉండాను."

మొహం మాత్రం పెద్దది చేస్తే మసకమసకగా వచ్చింది, అరుస్తున్న నోరు. తల్లికి అట్లా ఇవ్వడం ఎట్లాగా అని మథనపడ్డాను. ఆ సరిగా వంగని వేళ్లతో పెన్సిలు పట్టుకుని, ఎనిమిది రోజులు కూర్చుని, ఆమె పక్కన ఉండి పెదవి ఇంకాస్త పల్చన, కుడిబుగ్గ మీద సొట్ట అని చెబుతూ ఉంటే, ఆ నోటిని నెమ్మదిగా మూయించాను, రంగులద్దాను. ఆమె దాన్ని రెండు చేతులతో పట్టుకుని, నా కొడుకే అంది. ఆ తర్వాత వారానికి రెండు పాళేల ఆడవాళ్లూ మళ్లీ రావడం మొదలుపెట్టారు, కాకపోతే వేరువేరు రోజుల్లో.

అటు తర్వాత ఎన్నో ఏళ్లు ఆ స్టూడియో నడిపాను. పిల్లల్ని చదివించాను, రెండు గదులు వేశాను, చేతిపని ఉన్నవాడికి అన్నానికి లోటుండదని నమ్మకంగా చెప్పగలను. కాని అందరూ గిరాకీలే అని ఎవరికీ ఏమీ చెప్పకుండా గుంభనంగా ఉండటం వ్యాపారపు తెలివి అనుకున్న రోజులు అయిదారు ఉన్నాయి నా జీవితంలో, వాటివల్ల ఒక పిల్లవాడి ప్రాణం పోయింది. చేతిలో విద్య ఉన్నవాళ్లు గల్లాపెట్టె పెట్టుకునే ముందే, ఏది చేసిస్తాం, ఏది చెయ్యం, ఏది చూసీ చూడలేదని అనం అన్నది తేల్చుకోవాలి. గుమ్మంలో మనిషి నిలబడి అడిగాక తేల్చుకునే వ్యవధి ఉండదు.

ఇప్పుడు ఆ ఒడ్డున రొయ్యల గుంటలు వచ్చాయి, పాళేల్లో మిద్దెలు వచ్చాయి, ఇద్దరు కొట్టుకుంటే చుట్టూ ఇరవై మంది ఫోన్లు ఎత్తి పట్టుకుంటారు. దెబ్బ తిన్నవాడు ఇంటికి చేరేలోగా ఊరంతా చూసేస్తోంది. తీసింది ఏం చెయ్యాలా అని చీకటి గదిలో ఒంటరిగా నిలబడే బాధ ఈ కాలం వాళ్లకు లేదు. అది మంచికో చెడుకో తేల్చిచెప్పే పాటి తెలివి నాకు లేదు. మా రోజుల్లో ఒక బొమ్మ బయటికి రావడానికి నీళ్లలో నానాలి, ఆరాలి, మనిషి చేతిలో కొంతకాలం బరువుగా ఉండాలి. ఆ బరువుతో నేను తప్పు చేశాను, ఆ బరువుతోనే కొంత దిద్దుకున్నాను. ఇప్పుడు చేతులు తేలికయ్యాయి. చూస్తూ కూర్చుంటే ఒక్కోసారి, మనసులు కూడా అంతే తేలికయ్యాయేమోనని దిగులేస్తుంది.