వీరభద్రరావు సార్ పెట్టుకున్న వరస

మొన్న విజయవాడ బస్టాండులో కూర్చుని ఉంటే పక్క బెంచీ మీది నుంచి ఒక గొంతు వినిపించింది. మనిషి గొంతు కాదు. ఊపిరి తీసుకోకుండా, పదానికీ పదానికీ మధ్య ఎక్కడా ఆగకుండా పరుగెత్తే ఇంగ్లీషు. చూపులేని ఒక యువకుడు ఫోను చెవి దగ్గర పెట్టుకుని, తెర మీద వేలు జరుపుతూ వింటున్నాడు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ అలా వింటూ ఉండిపోయాను. నేనెక్కాల్సిన బస్సు వచ్చి వెళ్ళిపోయిన సంగతి కూడా గమనించలేదు. అలాంటి గొంతును నేను మొదటిసారి విన్నది తిరువూరులో, మా జూనియర్ కాలేజీ కంప్యూటర్ గదిలో, వీరభద్రరావు సార్ పక్కన కూర్చుని.

సార్ ఎకనామిక్స్ లెక్చరర్. నేను ఆ కాలేజీలో కంప్యూటర్ ఆపరేటర్‌గా చేరేనాటికి ఆయనకు యాభై దాటి ఉంటాయి. రెండువేల ఎనిమిది, తొమ్మిది ఆ ప్రాంతం. డిగ్రీ అయ్యాక ఏడాదిపాటు ఇంట్లో ఖాళీగా కూర్చుని, చివరికి దొరికిన ఉద్యోగం నాకది. రోజూ విస్సన్నపేట నుంచి బస్సులో వచ్చిపోయేదాన్ని. సార్‌కు ముప్పై ఏళ్ళ వయసులో రేచీకటితో మొదలై, నలభై వచ్చేసరికి చూపు పూర్తిగా పోయిందట. అయినా పాఠం మానలేదు. పుస్తకం మొత్తం ఆయనకు కంఠతా వచ్చు. బోర్డు మీద డిమాండు రేఖ గీసేటప్పుడు ఎడమచేతి జానతో కొలిచి మొదలుపెట్టేవారు. ఆ గీత చూపున్న లెక్చరర్ల గీత కన్నా తిన్నగా వచ్చేది. వెనక బెంచీలో ఎవరైనా గుసగుసలాడితే పేరుపెట్టి పిలిచేవారు.

ఆయన దగ్గర చదువుకున్న విద్యార్థి ఒకడు హైదరాబాదు నుంచి ఒక సీడీ తెచ్చి ఇచ్చాడు. తెర మీద ఉన్నదాన్ని పైకి చదివి వినిపించే ప్రోగ్రాం అది. ఆ గొంతు తిరువూరును ‘టిరువురు’ అనేది, ఆంధ్రా పేర్లన్నిటినీ విరిచి ముక్కలు చేసేది. సార్ దానికి ‘దొరగారు’ అని పేరు పెట్టారు. ‘దొరగారు ఇవాళ గొంతు పెంచారు, తగ్గించమ్మా’ అనేవారు.

ఆయన కంప్యూటర్ వాడే పద్ధతి చూస్తే నాకు ముచ్చటేసేది. బ్రౌజర్‌లో పైన సైటు పేరు కొట్టే గడి ఉంటుంది కదా, అడ్రస్ బార్. అందులో ఒక అక్షరం కొట్టగానే, అంతకుముందు చూసిన సైట్లు కింద వరసగా వస్తాయి. ఏ అక్షరానికి ఎన్నోది తనకు కావాల్సిందో ఆయన వేళ్ళకు తెలుసు. పరీక్షా ఫలితాలకు ‘ఆర్’, రెండు కింది బాణాలు, ఎంటర్. ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌కు ‘సి’, ఒక కింది బాణం, ఎంటర్. దొరగారు పేరు చదవడం పూర్తికాకముందే పేజీ తెరుచుకునేది. మౌసు పట్టుకుని నేను వెతుక్కునేలోపు ఆయన అక్కడుండేవారు.

ఆ ఏడు ఇంజనీరింగ్ సీట్లకు ఆప్షన్లు కంప్యూటర్‌లోనే పెట్టుకోవాలన్నారు. మా వైపు పల్లెల్లో చాలామంది తల్లిదండ్రులకు అదేమిటో తెలియదు. కాలేజీలో ఉచితంగా ఒక సహాయ కేంద్రం పెడదామని ప్రిన్సిపాల్ గారిని ఒప్పించింది సారే. గంపలగూడెం, పెనుగొలను, ఇంకా చుట్టుపక్కల ఊళ్ళ నుంచి షేర్ ఆటోల్లో దిగి వచ్చేవాళ్ళు. వాళ్ళకు కూడా వినపడాలని సార్ స్పీకర్లు పెట్టించారు. ఏ కాలేజీలో లెక్చరర్లు సరిగా లేరో, ఏ హాస్టల్లో నీళ్ళ ఇబ్బందో, ఏ ఊరికి ఉదయం బస్సు ఎన్నింటికో, అన్నీ ఆయనకు పాత విద్యార్థులు చెప్పినవే. ఆ పక్క కుర్చీలో కూర్చుని అవసరమైన కాగితాలు ప్రింటు తీసివ్వడం నా పని.

ఇక నా సంగతి. నాకు క్రికెట్ పిచ్చి. ఇంట్లో టీవీ రిమోట్ మా అన్నయ్య చేతిలో ఉండేది, మ్యాచ్ ఉన్న రోజున ఆడపిల్లకు ఇదేం పిచ్చని అమ్మ వంటింట్లోకి పిలిచేది. కాలేజీలో ఇంటర్నెట్ ఉన్నది సార్ కంప్యూటర్‌కు ఒక్కదానికే. ఆయన క్లాసుకు వెళ్ళగానే నేను ఆ కుర్చీలోకి జరిగి స్కోరు చూసేదాన్ని. ఆ వారం టెస్టు మ్యాచ్ నడుస్తోంది. రోజుకు ఇరవై సార్లు చూసి ఉంటాను. క్రికెట్ సైటు కూడా ‘సి’ అక్షరమే. అది నాకు తట్టలేదు.

ఆప్షన్లు పెట్టే గడువుకు నాలుగు రోజులుందనగా గంపలగూడెం నుంచి కోటేశ్వరరావు గారు కూతురు మాధవిని తీసుకుని వచ్చారు. పత్తి చేలో కూలీలను వదిలేసి వచ్చానని రాగానే చెప్పారు. గదిలో ఇంకో పదిమంది దాకా ఉన్నారు. సార్ ఆయన్ను కూర్చోమని, ‘సి’ కొట్టి, బాణం నొక్కి, ఎంటర్ కొట్టారు. స్పీకర్లలోంచి దొరగారు గది అదిరేలా చదవడం మొదలుపెట్టాడు. ఇండియా, టూ ట్వెల్వ్ ఫర్ ఫోర్. తర్వాత బ్యాట్స్‌మన్ పేర్లు, ఓవర్లు.

అందరూ నవ్వారు. కోటేశ్వరరావు గారు నవ్వలేదు.

“ఏంటండీ ఇది? పిల్ల చదువు సంగతి చూడమంటే మ్యాచ్ వినిపిస్తున్నారు.”

సార్ వేళ్ళు కీబోర్డు మీద ఆగిపోయాయి. మళ్ళీ అదే కొట్టారు, మళ్ళీ అదే వచ్చింది. ఆ గొడవకు ప్రిన్సిపాల్ గారు లోపలికి వచ్చారు. కోటేశ్వరరావు గారు ఆయన వైపు తిరిగి, “కళ్ళు కనపడని మనిషిని కూర్చోబెట్టి ఇంతమంది పిల్లల బతుకులు ఆయన చేతిలో పెడతారా సార్?” అన్నారు.

“పొరపాటు నాదేనండి. చూసుకోవాల్సింది నేను,” అన్నారు సార్.

నేను ఆయనకు మూరెడు దూరంలో ఉన్నాను. జరిగిందేమిటో ఆ గదిలో నాకొక్కదానికే తెలుసు. నోరు తెరవలేదు. కోటేశ్వరరావు గారు కూతుర్ని తీసుకుని వెళ్ళిపోయారు. ప్రిన్సిపాల్ గారు మెత్తగానే, “మీకెందుకు సార్ ఈ శ్రమ, అమ్మాయి చూసుకుంటుందిలెండి,” అన్నారు. సార్ లేచి, బల్ల అంచు పట్టుకుని, ఆ కుర్చీ నా వైపు జరిపి స్టాఫ్ రూమ్‌లోకి వెళ్ళారు.

ఆ మర్నాడంతా సార్ కుర్చీలో నేను కూర్చున్నాను. పేజీలు తెరవడం నాకొచ్చు. కానీ వచ్చినవాళ్ళు అడిగినవి వేరే. “ఈ కాలేజీ మంచిదేనా అమ్మా?” “ఆడపిల్లను అక్కడికి పంపొచ్చా?” “మా వాడి ర్యాంకుకి ఇది ముందు పెట్టాలా, అది ముందు పెట్టాలా?” నాకేం తెలుసు. అందరూ పెడుతున్నవి పెట్టుకోండి అన్నాను. మధ్యాహ్నానికి ఆ మాట ఎన్నిసార్లు అన్నానో లెక్క లేదు. ఒక తల్లి, “పెద్దసారు లేరా?” అని అడిగి, లేరంటే కాగితం మడుచుకుని వెళ్ళిపోయింది. సాయంత్రం బస్సు టైము అవుతున్నా స్టాఫ్ రూమ్ దగ్గరికి వెళ్ళాను. సార్ ఒక్కరే ఉన్నారు.

“సార్, నేను పద్మజని.”

“తెలుస్తోంది. చెప్పు.”

చెప్పాను. ఏడుపు వచ్చింది కానీ ఆపుకుని మొత్తం చెప్పాను. ఆయన విని, “నిన్ననే తెలిసింది,” అన్నారు. “అందరూ వెళ్ళాక వచ్చి, చూసినవాటి జాబితా చదవమంటే దొరగారు అంతా చదివాడు. ఓవర్లతో సహా.”

“మరి నన్ను అడగలేదేంటి సార్?”

“అడిగితే ఒప్పుకుంటావు. అడక్కుండా చెప్తావేమోనని ఒక రోజు చూద్దామనుకున్నా.”

క్షమించమన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు. “నాతో చెప్పడం నీ బరువు దించుకోడానికి. ఆ గంపలగూడెం ఆయన మాత్రం గుడ్డివాడి చేతిలో పడి పిల్ల చదువు పాడయ్యేదని అనుకుంటూ ఇంటికెళ్ళాడు. రేపు ఇంకో పదిమందికి చెప్తాడు. ఆయన మనసులో అది అలాగే ఉంది కదమ్మా.”

మర్నాడు ఉదయం కాలేజీకి వెళ్ళకుండా గంపలగూడెం ఆటో ఎక్కాను. ముందురోజు కురిసిన వానకు చేలగట్లన్నీ బురద. చెప్పులు చేత్తో పట్టుకుని, దారి అడుగుతూ కోటేశ్వరరావు గారి పత్తి చేను చేరాను. ఆయన నన్ను గుర్తుపట్టి, ఆప్షన్ల గురించేమో అనుకున్నారు. నిలబడే చెప్పాను. మ్యాచ్ చూసింది నేనని, నేను మాటిమాటికీ తెరవడం వల్ల ఆ సైటు వరసలో ముందుకొచ్చిందని, సార్ చేతివేళ్ళు తప్పు చేయలేదని.

“అంటే నువ్వు మ్యాచ్ చూస్తే, ఆయన నా చేత మాట పడ్డాడా?”

“అవునండి.”

“మరి అప్పుడే చెప్పొచ్చుగా?”

“భయపడ్డానండి.”

ఆయన చేతికి అంటిన మట్టి దులుపుకుని, “ఆయన కూర్చుంటే రేపు వస్తాం. నువ్వు కూర్చుంటే రాం,” అన్నారు. ఆ మాటకు నాకు కోపం రాలేదు. కాలేజీకి తిరిగొచ్చి ఆ మాటే ప్రిన్సిపాల్ గారికి చెప్పాను, నేను చేసిన పని సంగతితో కలిపి. ఆయన నన్ను గట్టిగానే మందలించి, సార్‌ను పిలిపించారు. ఉద్యోగం పోతుందనుకున్నాను. పోలేదు. అలా పోకుండా అడ్డుపడింది సారేనని చాలా రోజుల తర్వాత తెలిసింది.

ఆ మధ్యాహ్నం సార్ కంప్యూటర్ ముందు కూర్చుని, “ఇప్పుడు చెప్పు, అసలు అది ముందుకెందుకొచ్చింది?” అన్నారు. తప్పు సంగతి అయిపోయింది, ఇక ఆయనకు పాఠం కావాలి. ఇద్దరం కలిసి ఇంటర్నెట్‌లో వెతికాం. బ్రౌజర్‌లో మామూలుగా కనపడని ఒక అమరికల పేజీ ఉంటుందని తెలిసింది. తెరవబోతే హెచ్చరిక వచ్చింది. కింద ఒకే బటన్. ‘జాగ్రత్తగా ఉంటాను, మాటిస్తున్నాను’ అని ఇంగ్లీషులో. సార్ పెద్దగా నవ్వి, “మాటియ్యమంటున్నాడు. నువ్వే నొక్కు,” అన్నారు.

లోపల పెద్ద జాబితా. ఒక్కొక్కటీ దొరగారి చేత చదివించారు. మనం పేరు కొట్టి తెరిచిన పేజీకి రెండు వేలు, లింకు నొక్కి వెళ్ళిన పేజీకి వంద, ఈమధ్య చూసిన దానికి ఇంత, ఎప్పుడో చూసిన దానికి ఇంత అని మార్కులు. వాటిని బట్టి వరస. సార్ ముఖం వెలిగిపోయింది. “ఇది భారిత సగటు కదమ్మా, వెయిటెడ్ యావరేజ్. ధరల సూచీ పాఠంలో చెప్తాను, బియ్యానికి ఎక్కువ బరువు, అగ్గిపెట్టెకు తక్కువ. ఆ బరువులు ఎవడో వేశాడు. మనకు పనికొచ్చేట్టు మనం వేసుకుందాం.”

చూసిన ప్రతిసారీ పడే మార్కులను సున్నా చేశాం. మేం బుక్‌మార్కు చేసి ఉంచుకున్న సైట్లు మాత్రమే కింద వచ్చేట్టు మార్చాం. మొదట కుదరలేదు, రెండు సైట్లు ఇంకా పైకీ కిందకీ దూకుతూనే ఉన్నాయి. పాత జాబితా మొత్తం తుడిచేసి మళ్ళీ మొదలుపెట్టాం. చివరికి సార్, “ఇప్పుడు నువ్వు నీ మ్యాచ్ చూడు. ఇరవై సార్లు చూడు,” అన్నారు. సిగ్గుపడుతూ చూశాను. తర్వాత ఆయన ‘సి’ కొట్టి, బాణం నొక్కి, ఈసారి దొరగారు పేరంతా చదివేదాకా ఆగారు. కౌన్సెలింగ్. ఇంకో నాలుగుసార్లు కొట్టి చూసుకున్నారు. అప్పటినుంచి పేరు పూర్తిగా వినకుండా ఆయన ఎంటర్ కొట్టడం నేను చూడలేదు.

మర్నాడు, గడువు ఆఖరి రోజున, కోటేశ్వరరావు గారు కూతురితో వచ్చారు. గుమ్మంలోనే నిలబడి, “మొన్న నోరు జారానండి,” అన్నారు.

“రండి, కూర్చోండి. ఆ మ్యాచ్ ఎవరు గెలిచారో మాత్రం మాకింతవరకు తెలియదు,” అన్నారు సార్.

వాళ్ళ ఊరి పిల్లలంతా పెట్టిన కాలేజీనే మొదటి ఆప్షన్‌గా పెట్టమన్నారు కోటేశ్వరరావు గారు. సార్ కీబోర్డు మీంచి చేతులు తీసేశారు.

“మాధవీ, అందరూ పెట్టింది కాదు, నీకు ముందేది కావాలమ్మా?”

ఆ పిల్ల తండ్రి వైపు చూసి, తల దించుకుని, ఇంకో కాలేజీ పేరు చెప్పింది. దూరం. హాస్టల్లో ఉండాలి. సార్ ఆ కాలేజీ గురించి, హాస్టల్ గురించి తనకు తెలిసిందంతా చెప్పారు, బాగాలేనివి కూడా. అరగంట మాట్లాడుకున్నాక కోటేశ్వరరావు గారు, “సరే, దాని ఇష్టం,” అన్నారు. ఆప్షన్లన్నీ రెండుసార్లు చదివి వినిపించి, చివరి బటన్ మాధవి చేతనే నొక్కించారు. ఆ పిల్లకు తను కోరుకున్న చోటే సీటు వచ్చింది.

సార్ ఆ తర్వాత కొన్నేళ్ళకు రిటైరయ్యారు. ఇప్పుడు లేరు. నేను విజయవాడలో ఒక ఆఫీసులో రికార్డుల పని చూస్తున్నాను. పోయిన నెల నందిగామ వైపు ఒకావిడ బిడ్డ పుట్టిన తేదీ తప్పుగా ఎక్కించాను. దాంతో ఆమె మూడుసార్లు ఆఫీసు చుట్టూ తిరిగింది, కౌంటర్లో వాళ్ళు తప్పు ఆమెదేనని కసిరారు. నా తప్పని తెలిశాక సరిచేయడానికి రెండు నిమిషాలు పట్టింది. ఫోనులో చెబితే సరిపోతుందని మా పైఅధికారి అన్నారు. ఆదివారం బస్సెక్కి వెళ్ళాను. ఆవిడ ఇంటి ముందు బియ్యం ఏరుకుంటోంది, పక్కన ఇద్దరు ఇరుగుపొరుగు ఆడవాళ్ళు. వాళ్ళు కూడా వినేట్టు, “అమ్మా, తప్పు మీది కాదు, నాది,” అన్నాను. ఆవిడ చేట పక్కన పెట్టి, పక్కావిడ వైపు తిరిగి, “చెప్పలా, తప్పు నాది కాదని?” అంది. తర్వాత నన్ను లోపలికి రమ్మంది.