బెల్టుకు అమ్మ కుట్టిన గుడ్డ

సీటు బెల్టు పెట్టుకోకుండా మా నాయన కారు తీసిన రోజు లేదు. హైవే సంగతి అటుంచండి, ఇంటి నుంచి వరి చేలకు పోయే మట్టిబాటలో కూడా పెట్టుకునేవాడు. గట్టు మీద కూర్చున్నవాళ్ళు, "ఏందన్నా, చేలోకి విమానం ఏసుకోని పోతుండావా?" అని ఎగతాళి చేసేవాళ్ళు. "నా పానం, నా బెల్టు. మధ్యలో నీకేంది నొప్పి?" అని నాయన అద్దం ఎత్తేసుకునేవాడు.

బెల్టుతో ఒకటే చిక్కు. పొలానికి బనియన్‌తో పోయే మనిషి కదా, చెమటకు అది మెడ మీద రాసుకుని ఎర్రగా కందిపోయేది. అది అమ్మ కంటబడింది. మా అమ్మ దొరవారిసత్రం పక్కన మా ఊళ్ళో ఆడవాళ్ళందరికీ జాకెట్లు కుడుతుంది. మిగిలిన గుడ్డముక్క ఒక్కటి పారేయదు. మా ఇంట్లో టీవీ రిమోటుకు చొక్కా ఉంది, మిక్సీకి గౌను ఉంది, గ్యాస్ బండకు కుచ్చుల లంగా ఉంది. ఇక బెల్టు మాత్రం ఎట్లా తప్పించుకుంటుంది? తన పాత నీలం నూలుచీర చింపి, మెడకు తగిలే చోట మెత్తగా ఒక తొడుగు కుట్టింది. నాయన దాన్ని ఊరంతా చూపించుకున్నాడు.

ఆ తర్వాత కొన్నాళ్ళకు, నాయుడుపేట దగ్గర హైవే మీద, ముందు పోతున్న గడ్డి ట్రాక్టర్ ఉన్నట్టుండి ఆగింది. నాయన బ్రేకు తొక్కినా కారు పోయి దాన్ని గుద్దింది. ఆ కుదుపుకు బిగుసుకోవాల్సిన బెల్టు, దారపు ఉండ విప్పినట్టు సాగుతూ వచ్చేసింది. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోనే లేదు. స్టీరింగ్ తగిలి పక్కటెముకలు విరిగాయి, దవడ చిట్లింది. దేవుడి దయ, మనిషి దక్కాడు. ఇప్పటికీ నవ్వితే మూతి ఒక పక్కకే పోతుంది. నాకైతే ఆ నవ్వే బాగుంటుంది.

కారు కొన్నది నెల్లూరులో. ఆ షోరూమ్‌లో అడగబోతే, "బెల్టు పెట్టుకుని ఉండర్లెండి" అన్నాడు అక్కడి మేనేజరు. ఎవర్ని పట్టుకుని ఏం మాట అన్నాడు! నాకు ఒళ్ళు మండిపోయి అక్కడే నాలుగు దులిపేశాను. నాయన మాత్రం బయటికొచ్చి, "పా, కేసేద్దాం" అన్నాడు. నెల్లూరు వినియోగదారుల కోర్టులో కేసు వేశాం.

కారు కంపెనీవాళ్ళ జవాబు వచ్చిన రోజు మా లాయరమ్మ దాన్ని మా ముందే చదివి తెలుగులో చెప్పింది. అమ్మ కూడా అక్కడే ఉంది. ఉండకపోతే ఎంత బాగుండేది! కారు యజమాని ఇంటివాళ్ళు బెల్టుకు గుడ్డ కుట్టారట, అందువల్లే బెల్టు సరిగ్గా పనిచేయలేదట, తమ తప్పేమీ లేదట. అమ్మ ఇంటికొచ్చి కుట్టుమిషన్ మీద పాత దుప్పటి కప్పేసింది.

"నా చేత్తో నేనే చేసుకున్నా గదమ్మా," అంది నాతో.

నేను అరిచాను. బతిమాలాను. మళ్ళీ అరిచాను. అరిస్తే వినే మనిషైతే ఇంకేం! చుట్టాల పెళ్ళికని జాకెట్టు గుడ్డ తెచ్చిన పక్కింటి అక్కను కూడా నాయుడుపేట టైలరు దగ్గరికి పొమ్మంది. పాపం, అక్కడ కుట్టిన జాకెట్టు చంకల్లో పట్టేసి, ఆ అక్క పెళ్ళిలో చెయ్యి పైకెత్తలేక అక్షింతలు నడుము దగ్గర నుంచే విసిరింది.

సరిగ్గా అప్పుడే నాయన చొక్కాలకు గుండీలు ఊడటం మొదలైంది. "మే, గుండీ పోయింది, చూడు," అంటూ చొక్కా తెచ్చి ఆ దుప్పటి మీద పెట్టేవాడు. అమ్మ అటు తిరిగేది కూడా కాదు. నేను కుడతానంటే, "నీది గోనెసంచి కుట్టు, గమ్మునుండు," అని పిన్నీసు పెట్టుకుని తిరిగేవాడు. ఇదేం మొండితనమో! కోర్టుకు కూడా పిన్నీసుతోనే వచ్చాడు.

మధ్యలో కంపెనీవాళ్ళు రాజీకి వచ్చారు. ఎంతో కొంత ఇస్తాం, కేసు వదిలేయండి అన్నారు. నాకు వాయిదాలకు తిరిగి తిరిగి విసుగెత్తిపోయింది. "ఒప్పుకో నాయనా, పీడా పోతుంది," అన్నాను.

"వాళ్ళు ఇస్తారు, మనం తీసుకుంటాం, సరే. తప్పు ఆ గుడ్డది కాదని మీ అమ్మకు చెప్పేదెవురు?" అన్నాడు నాయన. "నేను చెప్తే నమ్మదు, నువ్వు చెప్తే నమ్మదు. కోర్టు చెప్పాల. అది మళ్ళా మిషన్ తొక్కాల. నాకు కావాల్సింది అదే."

రాజీ వద్దని లాయరమ్మకు చెప్పేశాం.

కోర్టువాళ్ళు ఆ బెల్టును పరీక్షకు ఒక ఇంజనీరింగ్ కాలేజీకి పంపారు. తీర్పు రోజున లాయరమ్మ వరండాలోకి వచ్చి అమ్మ చెయ్యి పట్టుకుని మరీ చెప్పింది. గెలిచామంది. బెల్టును బిగించి ఆపే పళ్ళచక్రం లోపల చీలి ఉందంది, అది తయారీలోనే వచ్చిన లోపమంది, ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోకపోవడం కూడా కంపెనీ తప్పేనంది.

"ఆ గుడ్డ కుట్టకపోయుంటేనో?" అని అడిగింది అమ్మ.

"కుట్టకపోయినా ఇదే జరిగేదమ్మా. గుడ్డకూ దీనికీ సంబంధం లేదని తీర్పులోనే రాశారు."

అమ్మ ఇంకోసారి చెప్పించుకుంది. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, వరండాలో అందరూ చూస్తుండగా ఏడ్చింది. నేనూ ఏడ్చాను, సిగ్గేముంది. నాయన మాత్రం పిన్నీసు సర్దుకుంటూ, "పాండి, బస్సు పోతుంది," అన్నాడు.

ఇంటికి రాగానే అమ్మ కాళ్ళు కడుక్కుని మిషన్ మీది దుప్పటి లాగేసింది. చక్రానికి నూనె వేసింది. గుండీల డబ్బా తీసి, "ఆ చొక్కాలన్నీ ఇట్టా తే," అంది. ఒంటి మీదున్నది కూడా విప్పించింది. నాయన బనియన్‌తో గడప మీద కూర్చున్నాడు.

మొదటి చొక్కా వెలుతురుకు ఎత్తి చూసి అమ్మ ఆగిపోయింది. ఇంకోటి తీసింది. దాన్నీ చూసింది.

"ఏమయ్యా, ఇయ్యి ఊడిన గుండీలు కాదే. దారం బ్లేడుతో కోసుండారు."

నాయన వీధిలోకి చూస్తూ కూర్చున్నాడు.

"నిన్నే అడిగేది. ఎవురు కోసింది?"

"లాగి చూసినా మే. ఊడలా," అన్నాడు నాయన, ఇటు తిరక్కుండానే. "నీ కుట్టు ఊడి చస్తే గదా. ఇంకేం చేసేది, కోసినా."

అమ్మ సూదిలో దారం ఎక్కించబోయింది. కంట్లో నీళ్ళు నిండి బెజ్జం కనబడక, సూదీ దారం నా చేతికిచ్చింది.